క్రిప్టో నాణెముల బేరములో నియమపాలన

ముంబయి షేర్ బజారు సాయంత్రమగునప్పటికి మూతబడును. శని, ఆదివారములు సెలవు. లాభము వచ్చినవాడును, నష్టపడినవాడును ఇంటికి పోయి, భోజనము చేసి, నిద్రించి, మరునాడు కొంత తేటపడిన మనస్సుతో తిరిగి వచ్చుటకు ఆ సెలవు ఉపకరించును. 2009వ సంవత్సరము జనవరిలో పుట్టిన బిట్‌కాయిన్‌కును, దాని వెనుక పుట్టిన వేలకొలది క్రిప్టో నాణెములకును అట్టి విరామము లేదు. అర్ధరాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి ఫోను తెరచి చూచువానికి అప్పుడును ధర కదలుచునే కనబడును. ధర విపరీతముగా పడినపుడు షేర్ బజారులోవలె కొంతసేపు బేరములను నిలిపివేయు ఏర్పాటు ఇచ్చట సాధారణముగా లేదు. ఈ దుకాణమునకు తలుపు వేసికొనవలసినది ఎవరికి వారే.

ఆ తలుపు పేరే నియమపాలన. శ్రోతలలో కొందరు ఈ బేరము చేయుచునే ఉందురు; మరికొందరి ఇండ్లలో పిల్లలు చేయుచుందురు. చేయుడనియు, మానుడనియు మేము చెప్పబోవుట లేదు. చేయువారు ఏ లెక్క తెలిసికొని చేయవలెనో అంతవరకే మా ప్రసంగము.

నియమబద్ధమైన బేరమనగా, ఎప్పుడు కొనవలెను, ఎంత కొనవలెను, ఎప్పుడు విడువవలెను అను మూడు ప్రశ్నలకును ముందుగానే సమాధానములు వ్రాసిపెట్టుకొని, ధర ఆ షరతులను తాకినపుడు మాత్రమే చేయి కదల్చుట. పెక్కుమంది ఆ సమాధానములను కంప్యూటరునకు అప్పగించి, దానిచేతనే కొనిపించి అమ్మించుచున్నారు. ఈ మూటిలో జనులు మొదటిదానినే పట్టుకొని తర్కించుదురు. ఏ నాణెము కొనవలెను, ఏ వేళకు కొనవలెను అను చర్చకు అంతు లేదు. ఎంత కొనవలెనను రెండవ ప్రశ్న చప్పగా నుండును. కాని, మేము చూచినంతలో, ఇండ్లు నిలిచినను కూలినను ఆ రెండవ ప్రశ్నయొద్దనే.

నష్టమునకు ఒక వింత గణితము కలదు. నూరు రూపాయలలో పది పోయిన, మిగిలిన తొంబదిపై నూటికి 11 చొప్పున సంపాదించినగాని నూరు కాదు. ఏబది పోయిన, నూటికి నూరు సంపాదించవలెను. ఎనుబది పోయిన, నూటికి 400. ఇది కాగితముపై లెక్క మాత్రమే కాదు. 2017 డిసెంబరులో ఇరువదివేల డాలర్లకు చేరువైన బిట్‌కాయిన్ మరు సంవత్సరము డిసెంబరునాటికి 3,200 డాలర్ల ప్రాంతమునకు దిగెను. అనగా నూటికి 84 వంతులు పోయినవి. 2021 నవంబరులో 69 వేల డాలర్ల వరకు పోయిన ధర 2022 నవంబరులో 16 వేలకు దిగువన నుండెను. ఈమారు పోయినవి నూటికి 77. ఈ రెండు మారులును బిట్‌కాయిన్ తరువాత కోలుకొన్నది. అయితే నాణెము కోలుకొనుట వేరు, దానిని పట్టుకొన్న మనిషి కోలుకొనుట వేరు. మధ్యలో కూతురి పెండ్లియో, ఆసుపత్రి ఖర్చో వచ్చినవాడు అడుగున అమ్ముకొని బయటపడి యుండును.

కాబట్టి తెలిసినవారు లెక్కను తలక్రిందులుగా మొదలుపెట్టుదురు. ఎంత లాభము రాగలదని కాక, ఈ బేరము తప్పిన ఎంత పోవలెనని ముందు నిర్ణయింతురు. ఒకని పెట్టుబడి లక్ష రూపాయలనుకొందము. ఒక్క బేరములో నూటికి ఒకటికి మించి, అనగా వెయ్యి రూపాయలకు మించి, పోరాదని అతని నియమము. నాణెము ధర 100 రూపాయలు. 92కు దిగినచో తన అంచనా తప్పినట్లేనని, అచ్చట విడిచిపెట్టవలెనని గీత గీసికొన్నాడు. దీనినే స్టాప్ లాస్ అందురు. నాణెమునకు 8 రూపాయల నష్టము. వెయ్యిని ఎనిమిదిచే భాగించిన 125 నాణెములు. అనగా లక్షలో అతడు పెట్టవలసినది 12,500 రూపాయలు మాత్రమే. ఆ నాణెము రోజుకు మరింత ఎగిరిపడు జాతిదై, గీతను 84 యొద్ద గీయవలసివచ్చినచో, కొనదగినవి 62 నాణెములే. ధర ఎంత అల్లల్లాడునో పందెము అంత చిన్నది కావలెను. సామాన్యముగా జరుగునది దీనికి విరుద్ధము; ఎక్కువ ఎగురు నాణెముపైననే ఎక్కువ ఆశ, ఎక్కువ ధనము.

పందెము పరిమాణము ఎంత పని చేయునో చూపు ఉదాహరణ యొకటి. నూరు బేరములలో 40 గెలుచు సూత్రమొకటి యున్నదనుకొందము. ఓడిన ఒక వంతు పోవును. గెలిచిన రెండు వంతులు వచ్చును. ఇది మంచి సూత్రమే. లక్ష రూపాయలతో మొదలుపెట్టి, ప్రతి బేరమునందును అప్పటికి చేతనున్న ధనములో నూటికి ఒకటి చొప్పున ఒడ్డినవానికి నూరు బేరముల తరువాత లక్షా ఇరువదివేలు మిగులును. నూటికి పది ఒడ్డినవానికి రెండు లక్షల అరువదినాలుగువేలు. ఇది చూచి ఇరువది ఒడ్డినవానికి ఎంత రావలెను? లక్షా ఏడువేలే. ఇరువదియైదు ఒడ్డినవాని చేతిలో మిగులునది ముప్పదియైదు వేలు. సూత్రము అదే, గెలుపులు అవే నలుబది, ఓటములు అవే అరువది. ఏ వరుసలో వచ్చినను ఫలితము మారదు. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ప్రకటించిన సూత్రము ప్రకారము ఈ ఉదాహరణమునకు నూటికి పదియే హద్దు. ఆ హద్దు దాటిన కొలదియు మంచి సూత్రమే మనిషిని ముంచును. ఓడిన కొలది పణము పెంచుచు పోయిన ధర్మరాజు కథ మనకు సభాపర్వమునందు ఉండనే యున్నది.

అట్లని అందరును హద్దుదాకా పోవచ్చునని కాదు. నూటికి అరువది ఓటములుగల సూత్రములో పది ఓటములు వరుసగా వచ్చుట అరుదేమియు కాదు. నూటికి పది చొప్పున ఒడ్డినవానికి ఆ పదింటిలో పెట్టుబడి నూటికి 65 వంతులు హరించుకొనిపోవును. నూటికి ఒకటి చొప్పున ఒడ్డినవానికి పదింటికి తక్కువే పోవును. మొదటివాడు ఆ స్థితిలో నియమమును నమ్మి పదునొకండవ బేరము చేయగలడా? మేము చేయలేమని మాకు తెలియును. ఎట్లు తెలిసినదో చెప్పెదము.

2020వ సంవత్సరములో మేము చిన్న మొత్తముతో ఒక నియమము నడపితిమి. గడచిన 20 దినములలోని హెచ్చు ధరను దాటినపుడు కొనుట, 10 దినములలోని తగ్గు ధరకు దిగువకు పోయినపుడు అమ్ముట. కొత్త సంగతి ఏమియు కాదు. వస్తువుల బజారులలో పాతకాలమునుండి ఉన్న పద్ధతియే. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వరుసగా ఆరు బేరములు తప్పినవి. ఒక్కొక్కటి నూటికి ఒకటి లోపుననే. అన్నియు కలిపి ఆరునకు మించలేదు. ఆరు వరుస ఓటములు తరచు రాగలవని మా చిట్టా మొదటి పుటలో మా చేతితోనే వ్రాసియుంటిమి. పోయిన ధనము స్వల్పము. పోయినది అభిమానము. ఆరవనాటి రాత్రి నియమమును కట్టివేసి, "బజారు మారినది" అని చిట్టాలో ఒక గొప్ప వాక్యము వ్రాసితిమి. అక్టోబరులో, ధర పదకొండు పండ్రెండు వేల డాలర్ల నడుమ నుండగా, ఆ నియమము కొనుమని చెప్పెను. మేము కొనలేదు. సంవత్సరము ముగియునప్పటికి ధర 28 వేలు దాటెను. ఆ ఆరు నష్టములకు మేము మూల్యము చెల్లించితిమి. ఆ మూల్యమునకు రావలసిన సరకు మాత్రము తెచ్చుకొనలేదు. ఆ పుటను ఇప్పటికిని చింపలేదు.

ఇట్టిది మాకొక్కరికే జరిగినది కాదు. 1983లో షికాగో నగరమున రిచర్డ్ డెన్నిస్ అను వర్తకుడు తన మిత్రుడు విలియం ఎక్‌హార్ట్‌తో వాదము పెట్టుకొనెను. బేరమాడు విద్య నేర్పిన వచ్చునని డెన్నిస్. పుట్టుకతో రావలెనని ఎక్‌హార్ట్. పత్రికలలో ప్రకటన వేసి, వచ్చినవారిలో కొందరిని ఎన్నుకొని, రెండు వారములు పాఠము చెప్పి, డెన్నిస్ తన ధనమునే వారి చేతికిచ్చెను. తాబేళ్లు అను ముద్దుపేరుతో వారు ప్రసిద్ధులైరి. వారికి నేర్పిన నియమములలో ముఖ్యమైనది, ధర రోజుకు ఎంత ఊగునో కొలిచి, దానినిబట్టి పందెమును తగ్గించుటయు, ఒక్క బేరమున సాధారణముగా నూటికి రెండు లోపుననే నష్టమును నిలుపుటయు. పాఠము అందరికిని ఒకటియే. ఫలితములు మాత్రము ఒకటి కాలేదు. నియమము చెప్పినపుడు కొనలేకపోయినవారు అందులోను ఉండిరి. ఆ డెన్నిస్ కూడ 1987-88 సంవత్సరములలో భారీ నష్టములకు లోనై కొంతకాలము వ్యాపారమునుండి తప్పుకొనెను.

ఇక అరువు సంగతి. దళారుల భాషలో దీనిని లెవరేజి అందురు. పదివేలు కట్టి లక్ష రూపాయల బేరము చేయనిత్తురు. ధర నూటికి పది ఎదురు తిరిగిన, కట్టిన పదివేలును మాయమగును. నిజమునకు ఎక్స్ఛేంజి అంతదాక ఆగదు; తన ధనము పోకుండ కొంత ముందుగానే బేరమును బలవంతముగా మూసివేయును. మన పెద్దలు అప్పుచేసి పప్పుకూడు అన్నారు. ఇచ్చట పప్పుకూడు విస్తరిలో పడకముందే విస్తరి లాగివేయుదురు. మహమ్మారి భయము ప్రపంచమును ఆవరించిన 2020 మార్చి 12న బిట్‌కాయిన్ ఒక్క దినములో నూటికి 35 వంతులకు పైగా పడెను. మూడింతల అరువు కూడ ఆ దినమున నిలువలేదు. 2025 అక్టోబరు 10న, చైనా సరకులపై అమెరికా అధ్యక్షుడు కొత్త సుంకములు ప్రకటించిన వెనువెంటనే, 24 గంటలలో సుమారు 1,900 కోట్ల డాలర్ల అరువు బేరములు ఇట్లు మూసివేయబడినవని లెక్కలు వెలువడినవి. ఒకని బేరము బలవంతముగా అమ్ముడుపోగా ధర మరికొంత దిగును. ఆ దిగుడు మరియొకని గీతను తాకును. ఎండుగడ్డివామి అంటుకొన్నట్లు వ్యాపించును. అట్టి గడియలో 92 యొద్ద గీసిన గీత 92 యొద్దనే పనిచేయునని నమ్మరాదు. కొనువాడు లేనిచో 85కే అమ్ముడుపోవచ్చును. అందుచేత గీసిన గీతకు ఆవలకూడ కొంత నష్టమును లెక్కలో వేసికొనుట వివేకము.

పది రకముల నాణెములు పట్టుకొనిన నష్టము పది చోట్లకు పంచబడునని కొందరి ధైర్యము. మామూలు దినములలో అది కొంత నిజమే. బిట్‌కాయిన్ కూలిన దినమున పదియు దాని వెంటనే కూలును. నూటికి ఒకటి చొప్పున పది నాణెములపై ఒడ్డినవాడు ఆ దినమున నూటికి పది ఒడ్డినవాడే.

గతకాలపు ధరలపై నియమమును పరీక్షించి చూచుట మంచి పనియే; అయితే ఆ పరీక్ష తీయగా అబద్ధమాడును. ఇరువది దినములు బాగుగా రాలేదని పందొమ్మిదికి, పందొమ్మిదినుండి పదునేడుకు మార్చుచు, లాభము హెచ్చిన చోట ఆగినవాడు గతమునకు కొలతలు తీసి చొక్కా కుట్టినవాడు. భవిష్యత్తు ఒడలు వేరు. మరియొక మోసము కూడ కలదు. నేడు పేరుపొందిన నాణెముల జాబితా తీసికొని వానిపై పరీక్షించినచో, చచ్చిన నాణెములు లెక్కలోనికి రావు. 2022 ఏప్రిల్‌లో 119 డాలర్ల వరకు పలికిన లూనా మే నెల మధ్యకు సెంటులో అల్పభాగమునకు దిగెను. ఏప్రిల్‌లో పరీక్ష చేసినవాని జాబితాలో అది మెరయుచుండెను. నేడు చేయువాని జాబితాలో దాని జాడ లేదు.

యంత్రమునకు అప్పగించితిమి, ఇక భయమును ఆశయు మాకు లేవని కొందరు నిశ్చింతగా నుందురు. 2012 ఆగస్టు 1న న్యూయార్కు షేర్ బజారులో నైట్ క్యాపిటల్ అను పేరుగల సంస్థ కొత్త ప్రోగ్రామును తన యంత్రములలో ఎక్కించుచు ఒకదానిలో పాత ప్రోగ్రామును మరచెను. బజారు తెరచిన సుమారు 45 నిమిషములలో ఆ యంత్రము చేసిన అక్కరలేని బేరములవలన 44 కోట్ల డాలర్లు పోయినవి. యంత్రమునకు అలసట లేదన్న గుణమే అచ్చట దోషమైనది. దినమునకు ఇంత నష్టమైన తరువాత తానే ఆగిపోవలెనను ఆజ్ఞ యంత్రమునకు ముందుగా ఇచ్చియుంచవలెను. ఆగిన యంత్రమును తిరిగి నడపుట మాత్రము మరునాటి ఉదయమున, కాఫీ త్రాగిన తరువాత చేయదగిన పని.

బేరములన్నియు నియమము ప్రకారమే జరిగినను, ధనమును దాచిన చోటే కూలినచో చేయునదేమి? టోక్యో నగరములోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజి 2014 ఫిబ్రవరిలో దివాలా తీయుచు సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు కనబడుటలేదని చెప్పెను. అందులో రెండు లక్షలు తరువాత దొరకినవి. 2022 నవంబరు 11న ఎఫ్‌టీఎక్స్ దివాలా కోరెను. మన దేశములోనే 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దొంగిలింపబడినవి. ఈ నష్టమునకు స్టాప్ లాస్ లేదు. బేరమునకు కావలసినంత మాత్రమే ఎక్స్ఛేంజిలో నుంచి, మిగిలినది తన తాళములో ఉంచుకొనుటయు, ఉన్నదంతయు ఒకే చోట ఉంచకుండుటయు తప్ప వేరు ఉపాయము మాకు తోచలేదు.

చివరిగా మన దేశమువారు, హైదరాబాదులోనైనను విశాఖపట్టణములోనైనను కూర్చుండి బేరమాడువారు, తప్పక వేయవలసిన లెక్క యొకటి కలదు. విదేశీ పుస్తకములలో అది కనబడదు. 2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో ఆస్తుల అమ్మకములో వచ్చిన లాభముపై నూటికి 30 చొప్పున పన్నును, దానిపై సెస్సును విధించినారు. ఒక అమ్మకములోని నష్టమును మరియొక అమ్మకములోని లాభమునుండి తీసివేయుటకు వీలు లేదు. ఈ వాక్యము చదువుటకు చిన్నది. ఇందాకటి సూత్రమునే తీసికొని, ప్రతి బేరమునకు వెయ్యి రూపాయలు ఒడ్డినట్లు చూతము. అరువది ఓటములకు 60,000 పోయినవి. నలుబది గెలుపులకు రెండువేల చొప్పున 80,000 వచ్చినవి. నికరలాభము 20,000. పన్ను పడునది ఆ ఇరువదివేలపై కాదు, ఎనుబదివేలపై. సెస్సుతో కలిపి 24,960 రూపాయలు. సంవత్సరమంతయు క్రమము తప్పక నియమము పాటించినవానికి చివరకు 4,960 రూపాయల నష్టము! మొదటి ఇరువదివేలు నిజముగా చేతిలో మిగులవలెనన్న, ఒక్కొక్క గెలుపు సగటున 2,900 రూపాయలు దాటవలెను.

దీనికి తోడు 2022 జూలై 1 నుండి ప్రతి అమ్మకమునందును నూటికి ఒకటి మూలముననే కోయుచున్నారు. ఇది పన్నులో సర్దుబాటగునదే. కాని రిటర్ను దాఖలు చేయువరకు చేతికి రాదు. లక్ష రూపాయల పెట్టుబడి మొత్తమును తిప్పితిప్పి ఏబది మారులు అమ్మినవానికి, లాభనష్టములు రెండును లేకున్నను, సుమారు 39 వేలు ఇట్లు చిక్కుపడును. దినమునకు పలుమారులు కొని అమ్ము సూత్రములు పరదేశపు బజారులో ఎంత చక్కగా పనిచేసినను ఇచ్చట ఊపిరాడక చచ్చుటకు కారణమిదియే. ఓటములు తక్కువగను, బేరములు కొద్దిగను ఉండి, నెలలకొలది కదలక పట్టుకొనియుండు నియమములకు మాత్రమే ఇచ్చట కొంత చోటున్నది. అవియు ఎక్స్ఛేంజి రుసుమును కలిపి లెక్కించిన తరువాతనే.

మా చిట్టాలో ఇప్పుడు ప్రతి బేరమునకు ఎదురుగా రెండు గడులున్నవి. ఒకటి, బేరమునకు ముందు వ్రాసిన నష్టపరిమితి. రెండవది, పన్ను పోగా మిగులునది. ఇందాక చెప్పిన ఇరువది దినముల నియమమును ఆ రెండవ గడిలో పెట్టి చూచినపుడు అది నిలువలేదు. 2022 ఏప్రిల్‌లోనే ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. ఈమారు ఆరు ఓటములు చూచి కాక, లెక్క చూచి.